బావి నుంచి పొయ్యికి పదకొండు అడుగులు

ఆ రోజు నేను పనికి వెళ్లకుండా సినిమాకు వెళ్లాను. అంతటితో ఆగి ఉంటే దాన్ని సోమరితనం అనేవాళ్లు. మర్నాడు ఆఫీసులో బల్ల ముందు కూర్చుని, గడప కూడా తొక్కని ఇంటిని పొద్దంతా చూసి వచ్చినట్టు నాలుగు పేజీలు రాశాను. దానికి ఏం పేరు పెట్టాలో ఇన్నేళ్లయినా నాకు తెలియలేదు.

ఇళ్లు గీసే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను కూర్చోబెట్టి, మీరు గీసిన వాటిలో మీకు నచ్చిన ఇల్లేదని అడుగుతుంటారు. నచ్చిన ఇల్లు ఒకటుంది. దాన్ని నేను గీయలేదు. నేను గీసింది కట్టకుండా ఆగిపోవడమే ఆ ఇంటికి జరిగిన మేలు. ఆ సంగతే చెబుతాను.

అరవైల మొదట్లో హన్మకొండ చౌరస్తా దగ్గర, ఒక మందుల దుకాణం పైన రెండు గదుల్లో మా ఆఫీసు ఉండేది. మేం ముగ్గురం. బొంబాయిలో కొన్నేళ్లు పనిచేసి సొంత ఊరికి తిరిగొచ్చిన మా సార్. ఆయన దగ్గర పెద్ద డ్రాఫ్ట్స్‌మన్, డోర్నకల్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన క్రైస్తవుడు. ప్లాను మీద అక్షరాలు రాస్తూ గొంతులోనే ప్రార్థన గీతాలు పాడుకునేవాడు, ఆ అక్షరాలు కూడా పాడుతున్నట్టే ఉండేవి. మూడోవాణ్ని నేను. ఇరవై రెండేళ్లు, చేతిలో డిప్లొమా, తలలో బోలెడంత గాలి.

సార్‌కు ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా ఇల్లు కట్టించుకుంటామని వస్తే ముందు వాళ్లు ఇప్పుడున్న ఇంట్లో మాలో ఒకరం ఒక రోజంతా కూర్చోవాలి. పొద్దు పొడిచినప్పుడు వెళ్లి దీపాలు పెట్టేదాకా ఉండాలి. ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారు, నీళ్లు ఎటునుంచి మోస్తున్నారు, చెప్పులు ఎక్కడ విడుస్తున్నారు, మధ్యాహ్నం నిద్ర ఏ గోడ పక్కన పడుతున్నారు, ఇవన్నీ రాసుకు రావాలి. దాన్ని ఆయన 'హాజరు' అనేవారు. రాసే పుస్తకం హాజరు పుస్తకం. "ఇల్లెట్ల ఉండాల్నో వాళ్ల నోటికి తెల్వది. కాళ్లకు తెలుస్తది" అనేవారు. వేయిస్తంభాల గుడికి తీసుకుపోయినా శిల్పాలు చూడనిచ్చేవారు కాదు. జనం ఏ స్తంభానికి ఆనుకుని కూర్చుంటున్నారో చూడమనేవారు.

నాకేమో ఇదంతా పాతకాలపు చాదస్తంలా తోచేది. సార్‌కు బొంబాయి నుంచి పోస్టులో ఒక విదేశీ పత్రిక వచ్చేది. అందులో ఒక ఇల్లు చూశాను. ఇంటి మధ్యలో హాలు నేల కన్నా రెండు మెట్లు లోతుగా ఉంది. చుట్టూ సోఫాలు, తివాచీ, నవ్వుతున్న తెల్లవాళ్లు. ఆ బొమ్మను నేను ఎన్నిసార్లు చూశానంటే ఆ పేజీ దగ్గర పత్రిక దానంతటదే తెరుచుకునేది.

అలాంటి రోజుల్లో వరంగల్ బజారులో బెల్లం, చింతపండు దుకాణం ఉన్న ఒక సావుకారు మా మెట్లెక్కి వచ్చాడు. హసన్‌పర్తి దారిలో జాగా కొన్నాడు. బావి కూడా తవ్వించాడు. బజారులో ఉన్న పాత ఇంటిని గోదాముకు ఇచ్చేసి, కుటుంబమంతా కొత్త ఇంటికి మారాలని ఆయన ఆలోచన. హాజరుకు సార్ నన్ను పంపారు.

ఆ రోజు నేను అటు పోలేదు. ఒక సినిమాకు అదే ఆఖరి రోజు. అయినా సావుకార్ల ఇళ్లు నాకు తెలియనివా అనుకున్నాను. ముందు దుకాణం, వెనక వంట, మధ్యలో బస్తాలు. పొద్దున బద్ధకంగా పడుకుని, మధ్యాహ్నం ఆట చూసి, మర్నాడు రాశాను. ఏం రాశానో నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "సాయంత్రం కుటుంబమంతా నేల మీద గుండ్రంగా, ఒకరి ముఖం ఒకరికి కనబడేలా కూర్చుంటారు. పక్కన రాకపోకలుంటే వాళ్ల మాటలకు అడ్డం." ఈ వాక్యం ఎందుకు రాశానో మీకు అర్థమయ్యే ఉంటుంది. నా గుంట హాలుకు సాక్ష్యం కావాలి. సాక్ష్యం నేనే పుట్టించుకున్నాను.

సార్ ఆ పేజీలు రెండుసార్లు చదివారు. "ఇంత మంచిగ ఇప్పటిదాక ఎవ్వరు రాయలే" అన్నారు. పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ పాట ఆపి నా వైపు చూసి, మళ్లీ పాటలో పడ్డాడు. సావుకారు వచ్చినప్పుడు, మా పిలగాడు వచ్చిండా అని సార్ మామూలుగా అడిగారు. సావుకారు, "వచ్చిండట సార్. నేను దుకాణంల ఉంటి. మా అక్క చెప్పింది, వచ్చి పొద్దంత కూసున్నడని" అన్నాడు. అక్క ఎవరితోనో నన్ను పొరబడి ఉంటుందనుకున్నాను. అదృష్టం అనుకున్నాను కూడా.

ప్లాను అయింది. హాలు రెండు మెట్లు కిందికి. అక్కడి నుంచి భోజనాల గదికి ఎక్కుడు. వంటింటికి మళ్లీ దిగుడు. సార్‌కు మెట్ల ఇల్లు ఇష్టం లేకపోయినా హాజరు పుస్తకంలో ఉన్నదాన్ని ఆయన తన ఇష్టం కన్నా పెద్దగా చూసేవారు. సరేనన్నారు.

ముగ్గు పోసే రోజు వచ్చింది. ఇంటి గోడలు ఎక్కడెక్కడ వస్తాయో నేల మీద సున్నంతో గీతలు పోస్తారు కదా, అది. మా మేస్త్రీ హసన్‌పర్తి మనిషి. తాడు పట్టకుండా కంటితోనే మూల మట్టం చూడగలడు. వాళ్లకు కళ్లారా చూపించాలని హాలు వచ్చేచోట ముందు రోజే అడుగున్నర లోతు తవ్వించాను. తవ్విస్తుంటే మేస్త్రీ పార మీద గడ్డం ఆనించి అడిగాడు.

"ఇది హాలా, బాయా? నీళ్లు పడ్డదాక తొవ్వమంటవా?"

"నీకు తెల్వదు మేస్త్రీ. గిది కొత్త పద్ధతి."

"కొత్తదే. వానకాలం అచ్చినంక ఇంటిల్లిపాది ఈత నేర్సుకుంటరు."

ముహూర్తానికి పూజ అయింది. ఈశాన్యాన, బావి పక్కన రాయి పెట్టారు. సావుకారు, ఆయన భార్య, ఇద్దరు ముగ్గురు చుట్టాలు, చాప మీద ఆయన అక్క. ఆమెకు యాభై దాటి ఉంటాయి. ముతక నేత చీర, నిటారైన నడుము. పెళ్లి చేసుకోలేదట. తల్లి పోయాక తమ్ముణ్ని సాకింది ఆమే, ఇల్లు నడిపేదీ ఆమే. పూజ జరుగుతున్నంతసేపూ మా ఎవరి వైపూ చూడలేదు. గర్వం కాబోలు అనుకున్నాను.

"ఇగ ఇల్లు సూపియ్యున్రి" అన్నాడు సావుకారు.

నేను ముందు పడ్డాను. ఆమె లేచి, "దర్వాజ యేడున్నది?" అంది.

"నీ ముందట్నే అక్కా."

ఆమె సున్నపు గీత దాటి చకచకా నడిచింది. నేను ప్లాను పట్టుకున్న చెయ్యి చాచి ఊపుతూ, "ఇదే హాలు పెద్దమ్మా. చూడండి ఎంత విశాలంగా ఉన్నదో" అన్నాను.

"సూస్తాన బిడ్డా" అంటూ మరో అడుగు వేసి గుంటలో పడిపోయింది.

అందరం ఒక్కసారి దూకాం. అప్పుడు, అంత దగ్గరికి వెళ్లాక, నేను ఆమె కళ్లు చూశాను.

ఆమె ఎవరినీ లేపనివ్వలేదు. కూర్చున్నచోటే చుట్టూ చేతులతో తడిమింది. అంచు దొరికింది. జానతో లోతు కొలిచింది.

"తమ్మీ, ఇంట్ల గుంత ఎందుకు తవ్విచ్చినవ్ ర?"

"గుంత కాదక్కా. అది హాలు."

"ఏడ నిలవడితె ఆడ పడుడు. మంచిగున్నది హాలు."

మేస్త్రీ అటు తిరిగాడు. అతని భుజాలు కదులుతున్నాయి. సార్ ముఖం మాత్రం తెల్లబోయింది. "అక్కకు చూపు..." అని ఆగారు.

"చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పుడే పాయె సార్" అన్నాడు సావుకారు, అదేం కొత్త సంగతి అన్నట్టు. "మీకెరుకే గద. మీ పిలగాడు పొద్దంత మా ఇంట్లనే ఉండె గద."

ఆ ఇంట్లో అదెవరికీ ప్రత్యేకంగా చెప్పవలసిన విషయమే కాదు. ఆమె నీళ్లు తోడుతుంది, వండుతుంది, వడ్డిస్తుంది, తాళాలు ఆమె కొంగునే. ఒక్క గంట కూర్చున్నవాడికైనా తెలిసిపోయేది. అందరి కళ్లూ నా మీదికి తిరిగాయి.

గుంటలోంచి ఆమె గొంతు వినబడింది. "అవు, ఉన్నడు. సర్వపిండి గూడ తిన్నడు. మంచిగున్నదా పిలగా ఆనాడు?"

తప్పించుకునే దారి అది. ఆమే తెరిచి పట్టుకుంది. అవునంటే చాలు. నా జీవితంలో నాకు గర్వంగా చెప్పుకోదగ్గవి ఎక్కువ లేవు కాని, ఆ అవును నా నోటికి రాకపోవడం ఒకటి.

"నేను రాలేదు పెద్దమ్మా. సినిమాకు పోయిన. రాసిందంత అబద్ధం."

"ఎర్కనే" అంది ఆమె. "రానోన్ని వచ్చిండని చెప్పింది నేనే గద."

సార్ అడిగారు. "ఎందుకు చెప్పినవమ్మా?"

"రాలేదంటె కొలువు తీసేద్దురు. ఎసొంటోడో, ఇంట్ల ఎంతమందో. సర్వపిండి వెట్టుకోని పగటియాల్ల దాంక సూసిన. ఇగ రాడని నేనే తిన్న." అంటూ లేచి చీర దులుపుకుంది. "గా సంగతి మీరు మీరు సూసుకోన్రి. నాకు ఒక్కటే చెప్పున్రి. గీ ఇంట్ల ఇసొంటి ఎక్కుడు దిగుడు ఎన్నున్నయి?"

మేస్త్రీ సున్నపు గీతల వైపు చూస్తూ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "మొత్తం ఏడు ఉన్నయమ్మా."

ఆమె తమ్ముడి వైపు ముఖం తిప్పింది. "గట్లయితె మీరు రాన్రి తమ్మీ. నేను ఆ గోదాముల ఒక అర్రల ఉంట. ఆ ఇంట్ల నన్ను ఎవ్వలు చెయ్యివట్టి తిప్పలే. ఈడ తిప్పాలె. గది నాతోని కాదు."

"నువ్వు రాని ఇల్లు నాకెందుకక్కా" అన్నాడు సావుకారు. ఆయన భార్య, "పెట్టిన రాయి తీసెయ్యమను. మనం ఏడికి పోవద్దు" అంది. పెట్టిన ముహూర్తపు రాయి తీయడం అంటే ఇంటికే అశుభమని అక్కడున్న అందరికీ తెలుసు.

సార్ నా దగ్గరికి వచ్చారు. కొడతారేమో అనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను. ఆయన నా చేతిలోంచి ప్లాను తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకున్నారు.

"రాయి తీసుడెందుకు? రాయి ఆడ్నే ఉంటది, బావి ఆడ్నే ఉంటది. మిగిలిందంత సున్నమే గద, తుడుస్తె పోతది" అన్నారు. తర్వాత నాతో, "తట్ట పట్టుకో. ఇయ్యాల నీ హాజరు" అన్నారు.

ముందు ఆ గుంట పూడ్చాం. మేస్త్రీ పార ఇవ్వలేదు. "తొవ్విచ్చిన చెయ్యే పూడ్వాలె" అని గట్టున కూర్చుని బీడీ వెలిగించాడు. నేను పూడుస్తుంటే పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ తన తెల్ల చొక్కా చేతులు మడిచి, పాట పాడుకుంటూ రెండో తట్ట ఎత్తాడు.

పూడ్చడం అయ్యాక పెద్దమ్మ అంది. "నన్ను బాయికాడికి తీస్కపోన్రి. జాగ కొత్తది గదా, గీ ఒక్కసారికి చెయ్యి పడ్త." చెయ్యి చాచింది. చాచింది నా వైపే. ఎవరు ఎక్కడ నిలబడ్డారో ఆమెకు మాకన్నా బాగా తెలుసు.

బావి గట్టు పట్టుకుని నిలబడి, నా చెయ్యి వదిలేసింది. ఒకటి, రెండు అని పెదవుల్లోనే లెక్కపెడుతూ నడిచింది. పదకొండో అడుగున ఆగి కాలితో నేల తట్టింది. "ఈడ పొయ్యి."

మేస్త్రీ అక్కడ ఇటుక పెట్టాడు. నేను ఆమె వెనకాలే సున్నం పోశాను. పొయ్యి నుంచి ఆరడుగులు, కుడి చేతికి గోడ. ఆ గోడ వెంబడే పదిహేను అడుగులు, ఆమె పడక. తిరిగి తొమ్మిది, తమ్ముడు అన్నం తినే చోటు. నలభై ఏళ్లుగా ఆమె కాళ్లలో ఉన్న ఇల్లు ఆ మధ్యాహ్నం ఒక్కొక్క గీతగా నేల మీదికి వచ్చింది. పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ కొలతలు రాశాడు. ఎండలో, మోకాలి మీద పెట్టుకుని రాసినా అక్షరం వంకర పోలేదు.

సార్ కళ్లు మెరవడం మొదలైంది. ఆయనకు పని పట్టినప్పుడు అలా అయ్యేది. గదులన్నీ ఒక పొడవాటి దారికి ఒకే వైపు రావాలన్నారు. ముందు గడప నుంచి బావి దాకా ఒకే మట్టం. కుడి చెయ్యి ఎప్పుడూ గోడ మీద ఉండాలి. దారికి గరుకు షాబాద్ బండ, గదుల్లో నున్నది. గది వచ్చిందని పాదానికే తెలియాలి. ఆ మాట విని మేస్త్రీ, "గడప కాడ బండకు ఉలిదెబ్బలు ఏస్త. కాలికి చెక్కిలిగిలి పెడ్తది" అన్నాడు. "పెడ్తె నవ్వుకుంట పోత" అంది పెద్దమ్మ.

తర్వాత ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు, అందరూ కళ్లు మూసుకుని ఆ సున్నపు ఇంట్లో నడిచి చూడటం మొదలుపెట్టారు. సావుకారు సీదా భోజనాల గదిలోంచి గోడ దాటి వీధిలోకి పోయాడు. సార్ మేస్త్రీని ఢీకొన్నారు. సావుకారు భార్య వంటింట్లోకి పోతున్నానని పోయి పక్కవాళ్ల జొన్న చేలో తేలింది. పెద్దమ్మ చాప మీద కూర్చుని చప్పుళ్లను బట్టే ఎవరెటు పోతున్నారో చెబుతూ, "గుడ్డోల్లయినరు గదనే అందరు" అని కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది. పూజకని తెచ్చిన పులిహోర అక్కడే ఆకుల్లో తిన్నాం. ముహూర్తపు రోజుల్లో అంతగా నవ్విన రోజు నాకు మరొకటి గుర్తులేదు. నన్ను ఎవరూ తిట్టలేదు. అందుకే నేను సరిగా తినలేకపోయాను.

మర్నాడు ఎవరూ పంపకుండానే, పొద్దు పొడవకముందే సైకిలు మీద బజారు ఇంటికి వెళ్లాను. గడప దగ్గర చెప్పులు విడుస్తుంటే లోపలి నుంచే, "వచ్చినవా? పీట గోడకున్నది, కూసో" అంది. కొంతసేపటికి నా ముందు రెండు సర్వపిండ్లు పెట్టింది.

"రెండెందుకు పెద్దమ్మా?"

"ఒకటి ఇయ్యాలటిది. ఒకటి ఆనాటిది. రెండు తినాలె."

తిన్నాను. రెండోది సగంలో ఉండగా కళ్లు చెమర్చాయి. ఆమెకు ఎలా తెలిసిందో, "కారమెక్కువైందా" అంటూ మజ్జిగ గ్లాసు ముందుకు జరిపింది. దీపాలు పెట్టేదాకా కూర్చుని పదకొండు పేజీలు రాశాను. నా నాలుగు పేజీల్లోని ఒక్క వాక్యమూ నిజం కాలేదు. సాయంత్రం ఆ కుటుంబం గుండ్రంగా కూర్చోదు. తలుపుకు ఆనుకుని ఒకరు, బస్తాల మీద ఒకరు, అటూ ఇటూ తిరుగుతూ ఆమె.

అబద్ధపు పేజీలు చించేస్తానన్నాను. సార్ ఒప్పుకోలేదు. "ఉండనీ. ఇగ ముందు ఆఫీసుకు ఎవ్వలు కొత్తగ వచ్చినా నువ్వే చదివి వినిపియ్యి" అన్నారు. ఉద్యోగం నుంచి దిగిపోయేదాకా చదివి వినిపించాను. ప్రతిసారీ చెవులు కాలేవి.

కొత్త ప్లాను తయారయ్యాక, అది ఆమె చూడకుండా పని మొదలుపెట్టకూడదనిపించింది. అట్ట మీద గోడల గీతల వెంట మైదా జిగురుతో దారం అంటించాను. తలుపులు వచ్చేచోట దారం ఆపాను. బావికి ఒక గుండీ, పొయ్యికి చింతగింజ. ఆరేదాకా ఆగి తీసుకుపోయాను. ఆమె వేళ్లు గుండీ దగ్గర మొదలై దారం వెంట మెల్లగా పోయాయి. ఇల్లంతా తిరిగి వచ్చి వంటింటి తలుపు దగ్గర ఆగాయి.

"ఈ తలుపు ఎటు తెరుస్తది?"

"ఇటు పెద్దమ్మా, దారిలోకి."

"నేను బిందెతోని వచ్చేటాల్లకు ఎవలన్న తెరిస్తె? నా మొకం పగులుతది, బిందె పగులుతది."

ముగ్గురం చూసి సరేననుకున్న ప్లాను అది. తలుపును లోపలికి తిప్పాం. అప్పటి నుంచి మా ఆఫీసులో ప్రతి ఇంటికీ దారం ప్లాను ఒకటి చేసేవాణ్ని, కళ్లున్నవాళ్లకు కూడా. వేలితో నడిస్తే కంటికి దొరకని తప్పులు దొరుకుతాయి.

మరుసటి ఏడు ఇల్లు పూర్తయింది. గృహప్రవేశం సందడి అంతా సద్దుమణిగి, వాళ్లు ఆ ఇంటికి అలవాటు పడ్డాక, ఒక రోజు సార్‌ను సెలవు అడిగాను. హాజరు ఇల్లు కట్టకముందే ఉండేది, కట్టాక ఉండేది కాదు. నేను పుస్తకం పట్టుకుని హసన్‌పర్తి దారిన వెళ్లి, ఆ ఇంటి వసారాలో గోడ పక్కన కూర్చున్నాను. పెద్దమ్మ పొద్దంతా నా ముందు నుంచే తిరిగింది. బావికి, పొయ్యికి, పడకకు, గడపకు. గడప దగ్గర మేస్త్రీ ఉలిదెబ్బలు వేసిన బండ మీద కాలు పడ్డప్పుడల్లా ఆమె పెదవి ఒక పక్కకు వంగేది.

దీపాలు పెట్టాక లేచి, ఆ వెలుగులో రాసుకున్నాను. హాజరు పుస్తకంలో నేను రాసినవాటన్నిటిలోకీ అదే చిన్నది, ఒక్క వాక్యం. మర్నాడు దాని కింద సార్ ఎర్ర సిరాతో సంతకం పెట్టారు.

"పొద్దు పొడిచినప్పటి నుంచి దీపాలు పెట్టేదాకా ఈ ఇంట్లో ఎవరూ ఆమె చెయ్యి పట్టుకోలేదు."